పదో ప్రతిపాదకురాలు

మా మేనమామ శాసనసభకు పోటీ చేస్తానని చెప్పిన పొద్దున నేను పులివెందుల పక్కన ఒక చీనీ బత్తాయి తోటలో డ్రిప్పు పైపుల లీకులు వెతుకుతున్నాను. అది నా ఉద్యోగం. ఫోన్లో ఆయన ఉపోద్ఘాతమేమీ లేకుండా అడిగాడు.

"అల్లుడా, కాగితాల పని నీకు బాగా తెలుసు గదా. ఎమ్మెల్యేకి నిలబడల్లంటే ఏమేం గావల్ల?"

"రాసిపెడతా మామా" అన్నాను. ఎందుకని అడగలేదు. అడగాల్సిన పనిలేదు.

మామది జమ్మలమడుగు వైపు ఒక పల్లె. ఊరికి ఉత్తరాన ఉన్న నల్లరేగడి చేలకు ఒకటే బండిదారి. సోలార్ పలకలు పెట్టిన ఒక కంపెనీ ఆ దారికి అడ్డంగా కంచె వేసి, గేటు పెట్టి, తాళం వేసింది. ఆ రోజు నుంచి చేనికి పోవాలంటే ఏడు కిలోమీటర్లు చుట్టి రావాలి. వానలు పడేలోగా దిబ్బల్లోని ఎరువంతా చేలకు తోలాలి. అంత చుట్టూ తిప్పడానికి ట్రాక్టర్ల వాళ్లు ఒప్పుకోవడం లేదు. మామ ఊళ్లోని రెండు పార్టీల నాయకుల దగ్గరికీ పోయాడు. ఇద్దరూ కాఫీ ఇచ్చి, చూస్తామన్నారు. కంపెనీకి టిప్పర్లు తిప్పేది ఒకాయన, కాపలా మనుషుల్ని పంపేది రెండో ఆయన. ఊళ్లో ఒకరింట్లో పెళ్లికి ఒకరు పోరు గానీ, ఆ గేటు దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే పార్టీ.

ఓటు విషయంలో నేను కూడా చేయగలిగిన పరీక్షలన్నీ చేసి ఉన్నాను. నా ఓటు ప్రొద్దుటూరులో ఉంది. ఒకసారి ఇటు వేశాను, ఒకసారి అటు వేశాను, మూడోసారి ఎవరూ వద్దనే మీట నొక్కాను. మూడుసార్లూ మిషను ఒకటే కూత కూసింది. ఫలితంలోనూ నాకు పెద్ద తేడా కనపడలేదు.

నామినేషన్ పత్రాన్ని రెండుసార్లు చదివి జాబితా రాశాను. పార్టీ అభ్యర్థికైతే పేరు ప్రతిపాదించడానికి ఆ నియోజకవర్గంలో ఓటున్న మనిషి ఒక్కరు చాలు. స్వతంత్రుడికి పదిమంది కావాలి. మొదటిసారి చదివినప్పుడు ఇది చిన్న నిబంధన అనిపించింది. ఆదివారం ముద్దనూరులో బస్సు మారి ఊరికి పోయి, నోటుపుస్తకంలో పది గడులు గీసుకుని మామతో ఇంటింటికీ తిరిగాక అర్థమైంది, మామను గెలిపించడం దీనికన్నా సులువని. ఊళ్లో ప్రతి ఇల్లూ ఏదో ఒక పార్టీ లెక్కలో ఉంది. దారి కావాలని అందరూ అన్నారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే అడిగారు.

"ముందు నిజం చెప్పప్పా. నిన్ను ఎవురు నిలబెట్టినారు?"

"ఎవురూ లేదు. నేనే నిలబడినా."

"అట్లనే అనల్లలే."

ఈ పార్టీ వాళ్లు ఆ పార్టీ నిలబెట్టిందనుకున్నారు, ఆ పార్టీ వాళ్లు ఈ పార్టీ నిలబెట్టిందనుకున్నారు. మనిషి తనంతట తాను నిలబడగలడని మాత్రం ఎవరికీ తోచలేదు.

అయినా సాయంత్రానికి తొమ్మిది గడులు నిండాయి. కువైట్‌లో పన్నెండేళ్లు పనిచేసి వచ్చి ఊళ్లో వెల్డింగ్ షాపు పెట్టిన ఆయనదే మొదటి సంతకం. ఆ గేటు తయారుచేసింది ఆయనే.

"కొలతలు ఇచ్చినారు, చేసినా. దావకు అడ్డం పెడతారని నాతో యాడ చెప్పినారు మామా? చెప్పింటే ఒగ అడుగు తక్కువ చేసేటోన్ని" అని, పెన్ను నా చేతిలోంచి తీసుకున్నాడు.

పదో సంతకం దొరకలేదు. అలసిపోయి అరుగు మీద కూర్చుని ఉంటే ఒక అవ్వ వచ్చింది. కాపలా మనుషుల్ని పంపే నాయకుడి తల్లి ఆమె. మామ తడబడి లేచి నిలబడ్డాడు.

"పదో మనిషి దొరకల్యాంట గదా" అంది. "నన్ను రాసుకో."

"పెద్దమ్మా, నీ కొడుకు..."

"పార్టీ నా కొడుకుది. దావ నాది. ఏడుకు ఏడు పద్నాలుగు కిలోమీటర్లు నా మోకాళ్లు తిరగల్లా, వాని పార్టీ తిరుగుతాదా?"

ఆమెకు సంతకం రాదు. నిబంధన ప్రకారం వేలిముద్ర ఎన్నికల అధికారి ఎదుటే వేయాలి. జాబితాలో ఆమె పేరు పక్కన 'స్వయంగా రావాలి' అని రాసి కింద గీత గీశాను.

మరుసటి రోజు సెలవు పెట్టి మామను ప్రొద్దుటూరుకు తీసుకుపోయాను. అక్కడ మూడు పనులు: నోటరీ, అఫిడవిట్, ఫోటో. ఫోటోకు నల్లద్దాలు పెట్టుకున్నాడు, వద్దని అద్దాలు తీయించాను. అఫిడవిట్‌లో కేసుల పేజీ దగ్గర మామ దిగులుపడ్డాడు.

"ఒగటి గూడా లేదని రాస్తే ఎవురు లెక్కపెడతారు అల్లుడా? బోరుబాయి కాడ మా అన్నతో కొట్లాడింది ఉంది, అదన్నా రాయి."

"అది కేసు కాదు మామా."

"కావల్సిందే. పోలీసాయన రాసుకోకపాయె."

జమ్మలమడుగు ఆర్డీఓ ఆఫీసుకు మేం నలుగురం పోయాం: మామ, వెల్డింగాయన, అవ్వ, నేను. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా వరండా బల్ల మీద కూర్చోబెట్టారు. అప్పుడే బయట డప్పులు మోగాయి. అవ్వ కొడుకు పార్టీ అభ్యర్థి కూడా ఆ రోజే నామినేషన్ వేస్తున్నాడని మాకు తెలియదు. జాబితాలో అది చేర్చకపోవడం నా తప్పు. అభ్యర్థి వెనక మెడలో కండువాతో నడిచివస్తున్న కొడుకు, బల్ల మీద తల్లిని చూసి ఆగిపోయాడు.

"ఏందిమా, ఈడ కూచున్నావు?"

"వేలిముద్ర వేసేకి వచ్చినా."

ఆయన ముఖం వెలిగింది. పక్కవాళ్లకు వినిపించేలా, "మన పార్టీకా?" అన్నాడు.

"మన దావకు" అంది అవ్వ, మామను చూపిస్తూ. "ఈయప్ప నామినేషన్‌కు. నువ్వు తాళం పెట్టించినావే, ఆ దావకు."

డప్పులు ఆగలేదు గానీ, వరండాలో ఉన్నవాళ్లందరూ ఆగారు. ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. అభ్యర్థి కూడా నవ్వాడు, అదే ఆ కొడుకుకు ఎక్కువ తగిలినట్టుంది. మమ్మల్ని లోపలికి పిలిచారు. అవ్వ బొటనవేలు మూడు కాగితాల మీద స్పష్టంగా పడింది. అధికారి గడులన్నీ సరిచూసి, తప్పు ఒక్కటి కూడా లేదన్నాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ లోపల గర్వమే.

రెండు రోజులకు కంపెనీ ఆఫీసరు ఒకాయన మామ ఇంటికి శాలువా, మిఠాయి పెట్టె తెచ్చాడు. పోటీలో ఉన్న అందరికీ ఇస్తున్నామన్నాడు.

"మాకు అభ్యర్థులందరూ సమానమే సార్."

"మాకూ అంతే" అన్నాడు మామ. "అందుకే నిలబడినా. శాలువా వద్దుగానీ ఆ గేటు తియ్యప్పా."

"అది మా చేతుల్లో లేదు సార్. మీ లోకల్ నాయకుల్ని అడగాలి."

"వాళ్లు మిమ్మల్ని అడగమన్నారే."

ఆఫీసరు పెట్టె మూత తీసి, మిఠాయి తినమన్నాడు. అందరం తలా ఒకటి తిన్నాం. అప్పుడే అవ్వ కొడుకు మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా మామ చేతిలో తాళంచెవి పెట్టాడు.

"మా అమ్మ నాతో మాట్లాడి రెండు దినాలాయ. మండలమంతా అదే కత. తీసుకో. నామినేషన్ మాత్రం వెనక్కి తీసుకో అన్నా, నీకు పుణ్యముంటాది."

మామ నా వైపు చూశాడు. ఉపసంహరణకు ఇంకా ఒక రోజు గడువుంది, ఆ కాగితం కూడా నా సంచిలో ఉంది. గేటు తెరవడానికి అందరం నడిచి పోయాం. అవ్వ అప్పటికే అక్కడ ఉంది. మామ ఆమెనే అడిగాడు.

"ఏమంటావు పెద్దమ్మా? వెనక్కి తీసుకుందునా?"

"ఈ పొద్దు తీసుకుంటే రేపు మల్లా తాళం పడుతాది. లెక్కపెట్టేదాకా నిలబడు. నా వేలు ఊరికే నలుపు చేసుకున్యానా?"

మామ నిలబడ్డాడు. గుర్తుల్లో రోడ్డు రోలర్ కోరాడు, ప్రెషర్ కుక్కర్ వచ్చింది. దానికీ సంతోషించాడు. ఆ నెలంతా ట్రాక్టర్లు గేటులోంచి ఎరువు తోలాయి, మామ వాటి వెంట తిరిగిందే ఆయన ప్రచారం. ఓట్లు లెక్కపెట్టిన రోజు నేను ఫోన్లో అంకెలు చదివి చెప్పాను. డిపాజిట్ పోయింది. ఎవరూ వద్దనే మీటకు ఆయనకన్నా ఎక్కువ పడ్డాయి.

"వాళ్లు కూడా మనోళ్లే అల్లుడా" అన్నాడు మామ. "దావ తప్పినారు, అంతే."

ఎన్నికలైపోయాయి గనుక, మరుసటి పొద్దున కాపలా మనిషి గేటు మూయడానికి వచ్చాడు. తాళం కనపడలేదు. గేటు తెరిచిన రోజే అవ్వ దాన్ని చెవితో సహా కొంగులో కట్టుకుని పోయి, తన గొర్రెల దొడ్డికి వేసుకుందట. కాపలా మనిషి ఆమె కొడుకు దగ్గరికి పోయి అడిగితే, "నాకెందుకు చెప్తావు? పోయి మాయమ్మనే అడుగు" అన్నాడు. అతను పోయి అడిగాడు. అవ్వ మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాడు.