ఈస్టర్ నాది, నవమి ఆయనది

పోయినవన్నీ కూడుకుంటే ఇంత తేలింది: ఎకరంన్నర చేలో కాసిన మిరపకాయ, డిసెంబరులో మా పిల్లలకు వచ్చే అరిసెల డబ్బా, నవమినాడు వాళ్లింటికి వెళ్లే వడపప్పు గిన్నె, గట్టు మీద నుంచి కేకేస్తే పలికే ఒక గొంతు. ఈ లెక్క మొన్న పొదిలిలో టీకొట్టు దగ్గర మొదలైంది. దేవుళ్లు వేరు, తిండి వేరు, కట్టూబొట్టూ వేరు అయినప్పుడు దేశాలు ఎప్పటికైనా కొట్టుకోక తప్పదని టీవీలో ఒక పెద్దమనిషి తేల్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. కూడికలూ తీసివేతలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. ఆయన లెక్క నాకు ఎక్కడా కలవలేదు.

కళ్లం కాపలా అంటే ఏమిటో మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండబోసిన కాయను దొంగల నుంచీ, అంతకంటే అకాల వర్షం నుంచీ కాచుకోవాలి. మబ్బు పట్టగానే టార్పాలిన్ పట్టా కప్పడానికి అక్కడొక మనిషి ఉండి తీరాలి. మా పక్క కళ్లం కౌలుకు చేసుకునే ఒకాయనది. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. ఈస్టర్‌నాడు తెల్లవారకముందే వాళ్లు ఇంటిల్లిపాదీ సమాధుల దగ్గర ప్రార్థనకు వెళితే రెండు కళ్లాలకూ నేను కాపలా. శ్రీరామనవమికి మేమంతా పందిట్లో ఉంటే రెండింటికీ ఆయన. పండుగ వేరైనవాడే ఆ రోజు ఖాళీగా ఉంటాడన్న చిన్న విషయం మీద మా పంటలు ఏళ్ల తరబడి నిలిచాయి.

ఆ ఏడు ఈస్టర్ ముందు వచ్చింది, నా వంతు తీర్చేశాను. నవమికి కల్యాణమై, పానకం పంచుతుండగా ఉరిమింది. మా బాబాయి ఉలిక్కిపడి, "ఒరేయ్, కళ్లం కాడ ఎవరున్నార్రా?" అన్నాడు.

"ఎవరుంటారు? అన్న ఉన్నాడుగా," అన్నాను నింపాదిగా.

బాబాయి ముఖం పాలిపోయింది. "రావద్దన్నాన్రా. మనోళ్ల కాయ మనోళ్లే చూసుకుంటారు, నువ్వు ముట్టుకోవద్దన్నా. నువ్వే చెప్పమన్నావని చెప్పా."

"మరి ఏరీ మనోళ్లు?" అని అరిచాను. మనోళ్లంతా నా చుట్టూనే, పానకం గ్లాసులతో నిలబడి ఉన్నారు.

పరుగెత్తి వెళ్లేసరికి మా కాయ నీళ్లలో తేలుతోంది. పట్టా మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కనే ఆయన తన కాయకు పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, తడుస్తూ నిలబడ్డాడు.

"అన్నా, ఆ పట్టా ఒక్కటి లాగలేకపోయావా?"

"ముట్టుకోవద్దని కబురు పంపి, ఇప్పుడు అడుగుతున్నావా తమ్ముడూ?"

"నేననలేదన్నా."

"నువ్వనకుండానే మీ బాబాయి నా గుమ్మంలోకొచ్చి అంటాడా?"

బాబాయి నా పేరు నన్నడక్కుండా వాడుకున్నందుకు రగిలిపోయాను. అన్నేళ్లు నన్నెరిగిన మనిషి ఆ మాట నిజమో కాదో ఒక్కసారి నా దగ్గరకొచ్చి సరిచూసుకోనందుకు అంతకంటే రగిలిపోయాను. మరుసటి ఈస్టర్‌కు చీకటితోనే కాపలాకు వెళ్లాను. భార్యాపిల్లల్ని ప్రార్థనకు పంపి, ఆయనొక్కడే కళ్లంలో కూర్చున్నాడు. వాళ్లమ్మ సమాధి వైపు నుంచి పాటలు వినిపిస్తున్నా లేవలేదు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఇప్పుడు కళ్లాలకు కెమెరాలు పెట్టారు. వాన పడుతుంటే చక్కగా చూపిస్తాయి, పట్టా మాత్రం కప్పవు. దేవుళ్లు వేరని తెలిసి కాపలా కాసుకున్నన్నాళ్లూ మా కాయ తడవలేదు. మనోళ్లు అన్న మాట ఒకడు పుట్టించాడు, ఇంకొకడు నమ్మాడు, చెడిందల్లా అక్కడే. నేను కాసిన ఈస్టర్లు ఏడు, ఆయన కాసిన నవములు ఆరు. ఒక్క నవమి నాకింకా రావాలి.