చీటీలు కట్టిన కొట్టు

ఫ్యాన్ల మేస్త్రీ తన రిపేరు కొట్టులో ఏదీ రాసిపెట్టడు. చెవి మీద పెన్సిల్ ఉంటుంది గానీ, అది వీపు గోక్కోవడానికే. పాడైన ఫ్యాను చేతికందగానే రెక్కను చూపుడువేలితో ఒకసారి తిప్పి, చెవి ఒగ్గి విని, "సరే, గురువారం రండి" అంటాడు. ఏ ఫ్యాను ఎవరిదో, దాని జబ్బేమిటో, అన్నీ ఆయన బుర్రలోనే. పని తలకు మించిపోయి ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుంటే, "ఇదెవరిది, దీనికేమైంది" అని అడిగి అడిగి విసిగి ఇద్దరూ వెళ్ళిపోయారు. మూడోవాణ్ణి వెతుకుతానంటే భార్య నవ్వింది. "జీతమిస్తారు సరే, వాడికి మీ బుర్ర కూడా అరువిస్తారా?"

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. తర్వాత ఆయన జ్వరంతో రెండు రోజులు మంచం దిగకపోతే కొట్టు ఆవిడే తెరిచింది; టీచరమ్మ ఫ్యాను కాస్తా బేకరీకి వెళ్ళిపోయింది. ఓపిక రాగానే మేస్త్రీ అట్టముక్కలు కత్తిరించి, రేపు వచ్చే పనివాడికి అర్థమయ్యేలా, గుండ్రంగా రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాస్తుంటే ఆవిడ చదివి దారంతో కట్టింది. "టీచరమ్మది. పసిపిల్ల పడుకునే గది, మోత పూర్తిగా పోవాలి." "బేకరీది. ముందు పిండి దులిపి, తర్వాత విప్పాలి." చివరి చీటీ, ఇంట్లోంచి వచ్చి ఏడాదిగా మూలన పడున్న ఇస్త్రీ పెట్టెకి. "మా ఆవిడది. తొందరేం లేదంటుంది, నమ్మొద్దు. అన్నిటికంటే ముందు ఇదే చెయ్యాలి."

ఆవిడ ఆ ఒక్కదానికి మాత్రం రెండు ముళ్ళు వేసింది.