మేకు దిగని ఇంట్లోకి డ్రయ్యర్

ఎవరి ప్రాణం ఎక్కడుంటుందో చెప్పలేం గానీ, గోడల మామయ్య ప్రాణం మాత్రం గోడల్లోనే ఉండేది. మేకు అన్న మాట వినబడితే చాలు, ఆయన ముఖం మాడిపోయేది. ఆ ఇంట్లో గోడగడియారం బల్లమీద వెల్లకిలా పడుకుని టైము చెప్పేది. క్యాలెండరు బీరువా పిడికి వేలాడేది. పెళ్లిఫోటో కుర్చీలో కూర్చునేది. చుట్టాలొస్తే దాన్ని లేపి వాళ్లను కూర్చోబెట్టేవారు.

"ఒక్క మేకు కొట్టండి. గోడేమీ ఏడవదు," అనేది అత్తయ్య.

"నీకు వినబడదులే," అనేవారు మామయ్య.

ఆ ఏడు ముసురు పట్టి ఎంతకీ వదల్లేదు. కుర్చీలమీద, తలుపులమీద, చివరికి పెళ్లిఫోటోమీద కూడా తడిబట్టలే. మామయ్య చొక్కా ముక్కిన వాసన వేస్తుంటే, ఇక లాభం లేదని అత్తయ్య ఆయన్ను డ్రయ్యర్ల షాపుకు లాక్కెళ్లింది.

షాపతను ఓపికగా చెప్పాడు. "రెండు రకాలండి. మొదటిదానికి పైపుంటుంది. తడిగాలి బయటికి పోతుంది, బట్టలు త్వరగా ఆరతాయి. కాకపోతే గోడకి కన్నం పెట్టాలి. రెండోది కాస్త నెమ్మది. ఆవిరిని నీళ్లు చేసి డబ్బాలో పడుతుంది. నిండినప్పుడల్లా పారబోసుకోవాలి."

"రెండోదే," అన్నారు మామయ్య.

"మొదటిదాని మొహమైనా చూడలేదు మీరు."

"కన్నం అన్నాక ఇంక మొహమెందుకు?"

"రోజూ ఆ నీళ్లెవరు మోస్తారు?"

"నేనే మోస్తాను."

"మంచినీళ్ల గ్లాసు కూడా నేనే చేతికందించాలి మీకు," అంది అత్తయ్య. షాపతను నవ్వాపుకోలేక పైపుకేసి చూశాడు. ఏదీ తేలక ఇద్దరూ ఒకే గొడుగు కింద, చెరోవైపు చూస్తూ ఇంటికొచ్చారు.

మర్నాడు మామయ్య బజారుకెళ్లగానే అత్తయ్య తాపీమేస్త్రీని పిలిచింది. కన్నం పడ్డాక ఆయన మాత్రం ఏం చేస్తారని ఆమె ధైర్యం. మేస్త్రీ ఉలి ఆనించి నాలుగు దెబ్బలు వేశాడో లేదో, వాకిట్లో, గోడకు గోడ ఆనుకున్న పక్కింటి నర్సమ్మ ప్రత్యక్షమైంది. జుట్టు చెదిరి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అత్తయ్యగారూ, మామయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా?"

"బజారుకెళ్లారు. ఏమ్మా?"

"సుత్తి చప్పుడికి భయమేసింది. నాది రాత్రి డ్యూటీ కదా, పగలే నిద్ర. నేనిక్కడ దిగిన రోజే మామయ్యగారు, మా గోడకి మేకు కూడా దిగదు, హాయిగా పడుకో తల్లీ అన్నారు. డ్యూటీకెళ్లాక కొట్టుకోండన్నాను. అప్పుడు పైనింటి పసివాడు పడుకుంటాడట."

అత్తయ్య చేత్తో సైగ చేసి మేస్త్రీని ఆపింది. "నాతో ఒక్కనాడూ అనలేదే ఈ మాట."

"చెబితే, నా నిద్ర చెడుతుందని మీరు పనిచేసుకుంటూ పాడుకునే పాటలు మానేస్తారట. మీకు చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నారు."

అత్తయ్య అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "నా గొంతు అక్కడిదాకా వస్తుందా?"

"అది వినబడ్డాకే నాకు నిద్రపడుతుంది," అని ఆవులించింది నర్సమ్మ.

ఉలి చేసిన గంటు పూడ్పించి, మేస్త్రీని పంపేసింది అత్తయ్య. ఆ వారంలోనే నీళ్లడబ్బా డ్రయ్యర్ వచ్చింది. దాన్ని ఆమె పట్టుబట్టి, నర్సమ్మ గోడకి దూరంగా, వీధివైపు వంటింట్లో పెట్టించింది. ఎందుకు మనసు మారిందని మామయ్య ఎంత గుచ్చిగుచ్చి అడిగినా, "నాకూ గోడలంటే ఇష్టం పుట్టింది," అంది తప్ప ఇంకో మాట చెప్పలేదు.

మొదటి డబ్బా నిండింది. మామయ్య దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, సగం దారిలోనే ఒలకబోస్తూ బయల్దేరారు. అత్తయ్య కసురుకోలేదు. వెచ్చటి దుప్పటి మడతపెడుతూ సన్నగా పాట అందుకుంది.

మామయ్య ఆగారు. "కొత్త పాటా?"

"పాతదే. జోలపాట," అంది అత్తయ్య.