వదిలేసిన మందుపెట్టె

2006 నవంబరు నుంచి 2007 మార్చి దాకా మా అమ్మాయి రెండు యుద్ధం ఆటలు ఆడింది. రెండూ ఒక్కతే కూర్చుని, కథ మొదలు నుంచి చివరిదాకా సిపాయిగా నడిచే ఆటలు. అంతకు ముందు నందిగామలో కంప్యూటర్లు నేర్పేది. కిడ్నీలు పాడై ఉద్యోగం మానేశాక తన కంప్యూటర్ మా జగ్గయ్యపేట ఇంటికి చేరింది. ఇంట్లో మేమిద్దరమే.

సోమ, గురువారాలు డయాలసిస్‌కి బెజవాడ. మిగతా ఐదు రోజులూ ఆట. నేను రిటైరైన లెక్కల టీచర్ని. పక్కన కుర్చీ వేసుకుని ఆట లెక్కలు నోట్‌బుక్‌లో రాసేదాన్ని. మొదటి ఆటలో ఇరవై నాలుగు ఘట్టాలు, నలభై ఒక్క రోజులు పట్టింది. రెండోదానిలో ఇరవై ఏడు. ఇరవై ఆరు పూర్తయ్యాయి.

మొదటి ఆటలో ప్రాణం వందకి ఎంత ఉందో తెర మూల అంకె కనిపించేది. తూటా తగిలితే తగ్గేది. దారిలో దొరికే మందుపెట్టె తీసుకుంటే పాతిక పెరిగేది. నాకది నచ్చింది. రెండోదానిలో అంకె లేదు. దెబ్బ తగిలితే తెర ఎర్రబడుతుంది, ఆయాసం వినిపిస్తుంది. గోడ చాటున కాసేపు కూర్చుంటే మనిషి బాగైపోతాడు.

"ఇదేం లెక్కే? ఎంత పోయిందో, ఎంత ఉందో తెలీకుండా?"

"అందుకే బావుందమ్మా. పైగా దీన్లో పక్కన మనుషులుంటారు."

"అరవడం తప్ప వాళ్ళు చేస్తున్నదేముంది?"

"నువ్వు మాత్రం?" అని నవ్వింది.

అరిచేదాన్నే. మొదటి ఆటలో ఒకసారి, ప్రాణం ఎనభై ఎనిమిది ఉండగా మందుపెట్టె కనబడింది. "ఇప్పుడు తీసుకుంటే పదమూడు వృథా. దెబ్బ తగిలాక వెనక్కొచ్చి తీసుకో" అన్నాను. నా మాట విన్నది. వంతెన దాటగానే అది కూలిపోయింది, వెనక్కి దారి లేదు. ఆ తర్వాత ఇంట్లో నేనేం దాచినా, "మందుపెట్టె అక్కడే ఉందమ్మా" అని ఏడిపించేది.

రోజుకి ఎనిమిది వందల మిల్లీలీటర్ల నీళ్ళే తాగాలన్నారు డాక్టరు. కొలతకి గీతలుంటాయని పసిపిల్లల పాలసీసా కొన్నాను. తాగినదెంతో, మిగిలినదెంతో రోజూ అదే నోట్‌బుక్‌లో గడులు గీసి రాసేదాన్ని. "మొత్తానికి మళ్ళీ పాలసీసాకి తెచ్చావు" అంది.

మార్చి పదకొండు, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. ఆట ఆపింది.

"అమ్మా, నాలుక పిడచకట్టుకుపోతోంది. కొంచెం ఇవ్వు."

ఏడు వందల అరవై అయిపోయాయి. "ఉన్నవి నలభై. ఏడింటి మాత్రకి కావాలి" అన్నాను.

"మాత్ర ఉమ్మితో మింగేస్తా. ఇప్పుడివ్వమ్మా."

"ఏడింటికి."

ఈసారి మందుపెట్టె మాట అనలేదు. సిపాయిని గోడ చాటున కూర్చోబెట్టి, తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

ఐదింటికి ఆయాసం మొదలైంది. పక్కింటివాళ్ళ కారులో బయల్దేరాం. నందిగామ దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకునే ఉంది. కీసర దగ్గర పట్టు వదిలింది. ఆరూ పది.

ఆసుపత్రిలో గుండె ఆగిందన్నారు. నేను పాలసీసా సంగతి చెప్పాను. "ఆ కాసిని నీళ్ళు తాగినా, తాగకపోయినా తేడా ఉండేది కాదమ్మా" అన్నారు డాక్టరు. నన్ను ఓదార్చాలనే అన్నారు. అంటే ఇవ్వొచ్చన్నమాట.

ఇంటికొచ్చేసరికి పాలసీసా కంప్యూటర్ పక్కనే ఉంది. నీళ్ళు సరిగ్గా నలభై గీత దగ్గర. నోట్‌బుక్‌లో ఆ తేదీ ఎదురుగా, తాగినది 760 అని రాశాను. దాని పక్కన, మిగిలినది రాసే గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.