ఎండ కాసినా రాని కరెంటు

మా ఆయన నోటి వెంట సోలార్ తప్ప మరో మాట రాని రోజులవి. పామర్రులో మా బట్టల కొట్టుకు చీర కోసం వచ్చినవాళ్ళు కూడా ఆ సంగతులు విని వెళ్ళాల్సిందే. "బొగ్గు కరెంటు రోజులు అయిపోయినయ్యండీ. ఇంక ఎవరి కరెంటు వాళ్ళింట్లోనే పుడుద్ది" అనేవారు. మేడమీద ప్యానెల్స్ బిగించగానే, పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఇక మనకెందుకని ఎదురింటి పిన్నిగారికి ఇచ్చేశారు. నాకు మాత్రం లోపల పీకుతూనే ఉంది. మామగారు ఆక్సిజన్ మిషన్ మీద ఆధారపడిన మనిషి. ఆ మాటే అంటే, "ఎండుండగా మనకేం భయమే" అని కొట్టిపారేశారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ ఏడాది తుఫానుకు స్తంభాలు కూలి ఊరంతా కరెంటు పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరుతో రాత్రి ఎలాగో గట్టెక్కాం. తెల్లారేసరికి అది అడుగంటింది. విజయవాడ నుంచి ఇంకొకటి తెప్పిద్దామంటే దారి పొడుగునా చెట్లు పడి ఉన్నాయి. ఈయన మాత్రం ధీమాగా ఆకాశం చూస్తూ కూర్చున్నారు.

ఎండ రానే వచ్చింది. మేడమీద ప్యానెల్స్ వానకు కడిగినట్టు మెరుస్తున్నాయి. ఈయన మిషన్ స్విచ్ వేశారు. చప్పుడు లేదు. మళ్ళీ వేశారు. ప్యానెల్స్ బిగించినతనికి ఫోన్ చేస్తే, "లైన్లో కరెంటు లేకపోతే మీదీ ఆగిపోద్దండీ. ఆగకపోతే మీ కరెంటు లైన్లోకెళ్ళి, బాగుచేసేవాళ్ళకి షాక్ కొడతది. బ్యాటరీ ఉంటే వేరే సంగతి" అన్నాడు.

మామగారు కిటికీలోంచి పడుతున్న ఎండను చూసి, "ఎండొచ్చిందిగా అమ్మాయ్, ఇంకా మిషన్ పెట్టరే?" అని ఆయాసపడుతూ అడిగారు. ఈయన తండ్రిని కుర్చీతో సహా ఎత్తబోయారు. నేను రెండో వైపు పట్టుకున్నాను. ఎదురింటి గుమ్మందాకా తీసుకెళ్ళాక, ఈయన వెనక్కి పరిగెత్తి మిషన్ కూడా తెచ్చారు.

నిన్నటి నుంచి వాడిన ఇన్వర్టర్లో ఇంకా ఛార్జింగ్ ఏం మిగిలి ఉంటుందని గుమ్మంలోనే నాకు అనుమానం వచ్చింది. పిన్నిగారు మిషన్ వైరు అందుకుని, "ఉందిలేమ్మా. రాత్రి ఫ్యాను కూడా వేసుకోలా. అన్నయ్యగారికి కావాల్సొస్తుందేమో అనిపించింది" అన్నారు. మిషన్ మోగింది. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం లైను వచ్చేదాకా మామగారు అక్కడే ఉన్నారు.

ఇప్పుడు మా ఇంట్లోనూ బ్యాటరీ ఉంది. అయినా మబ్బు పడితే నాకు ముందు దాని మీదికే చూపు పోతుంది. ఈయన సోలార్ కబుర్లూ మానలేదు. మొన్న హనుమాన్ జంక్షన్ నుంచి ఒకాయన వచ్చి, మేమూ పెట్టించుకుందామనుకుంటున్నామని అన్నాడు. బొగ్గు గురించి మొదలుపెడతారనుకున్నాను. ఈయన, "మీ ఇంట్లో కరెంటుతో ఊపిరి పీల్చేవాళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ?" అని అడిగారు.