సన్నబడ్డందుకు మెచ్చుకోలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరు సాగుతున్న రోజుల్లో నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. సన్నబడాలని తిన్నదంతా కక్కేసేదాన్ని. చివరికి ఆపుదామన్నా ఆగలేదు. భయమేసి, అమ్మను తీసుకుని ఫిల్మ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"ఈ నడుము కోసం ఇక్కడ ఎంతమంది తపిస్తున్నారో తెలుసా? ఏడుపెందుకు? సినిమాల్లో ట్రై చెయ్యి!"

ఎవరినీ పల్లెత్తు మాట అనని అమ్మ లేచి నిలబడింది.

"పిల్ల పానం పోతదని ఏడుస్తుంటే నీకు నడుము కనవడ్డదా డాక్టరమ్మా? లే బిడ్డా, పోదాం."

జూబ్లీహిల్స్‌లో మరో డాక్టరు నా మాట ఓపిగ్గా విన్నారు. ఆయన వైద్యంతోనే కోలుకున్నాను.

ఆ నవ్వును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. ఎవరైనా "సన్నబడ్డావే!" అని మెచ్చుకుంటే, "ఒంట్లో బాగుందా అని ముందు అడగండి" అని మొహం మీదే చెప్పేస్తాను.