మా జుమాత్ అన్నయ్య చూపించిన నీలం మిణుగురు

మా జుమాత్ అన్నయ్యకు చూపు తగ్గిందని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. రేవు దగ్గర నా అరటిపండు బజ్జీల బండి ముందుకొచ్చి, నన్నే పట్టుకుని, "ఏమ్మా, మా సలియా ఉందా?" అని అడిగాడు.

"లేదు, చచ్చిపోయింది" అన్నాను.

గొంతు గుర్తుపట్టి నవ్వేశాడు. "ఎండ కళ్లలో కొట్టిందే" అన్నాడు. ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు.

అన్నయ్య ముప్ఫై ఏళ్లుగా మా ఊరి క్లియాస్ నది మీద పడవ నడుపుతున్నాడు. మొదట నాన్నతో కలిసి రొయ్యల వలలు వేసేవాడు. పట్నం వాళ్లు కోతుల్నీ మిణుగురుల్నీ చూడ్డానికి రావడం మొదలయ్యాక వాళ్లను తిప్పడం మొదలుపెట్టాడు. వదిన పోయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. ఆ పడవ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేయించుకోమంటే ఇంతెత్తున లేచేవాడు.

"నోరు ముయ్యవే! బయటపడితే నా పడవ లాక్కుంటారు. ఈ నది కళ్లు మూసుకున్నా తెలుసు నాకు."

"మూసుకునేగా నడుపుతున్నావు!"

ఎలా నెట్టుకొచ్చేవాడంటే, అంతా జ్ఞాపకం మీదే. సాయంత్రం అయిదింటికి కోతులు ఏ చెట్టెక్కుతాయో తెలుసు, అటు చెయ్యి చూపిస్తాడు. చీకటి పడ్డాక మిణుగురులు ఏ మలుపులో ఉంటాయో తెలుసు, అక్కడ ఇంజను ఆపుతాడు. కానీ వానకు కొట్టుకొచ్చే దుంగలు జ్ఞాపకంలో ఉండవు కదా! పడవలో జనం ఉంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

రంజాను పండగ వెళ్లిన రెండో వారం, జోవిటా అనే టీచరమ్మ ఇంటిల్లిపాదినీ తీసుకుని పెనాంపాంగ్ నుంచి వచ్చింది. ఆరుగురు. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ ఎక్కి ముందు కూర్చున్నాను.

"నువ్వెందుకే?" అన్నాడు అన్నయ్య.

"కాఫీ పొయ్యడానికి. నువ్వు పోస్తే ఒళ్లో పడుతుంది."

మలుపు తిరగ్గానే ఇంజను ఆపి, నీళ్లలో చెయ్యి ముంచి, నాన్న అడిగినట్టే నదిని కాచే పెద్దలను అనుమతి అడిగాడు. "తాతలూ, అవ్వలూ, మనవలం వెళ్తున్నాం, దారివ్వండి." మొసలిని కూడా మేం తాత అనే అంటాం. అసలు పేరు ఎత్తితే వచ్చి కూర్చుంటుంది.

"అదిగోనమ్మా, డచ్చి దొరలు!" అని ఒక చెట్టు చూపించాడు. ఆ బానపొట్టనూ వేలాడే ముక్కునూ చూసి ఆ కోతులకు మావాళ్లు పెట్టిన పేరది. దొరలు ఆ రోజు పక్క చెట్టు మీదున్నారు. పిల్లలే వెతుక్కుని చూశారు. ఇంకొంచెం దూరంలో ఒక దుంగ అడ్డం వచ్చింది. "ఎడమకు!" అని గావుకేక పెట్టాను. పడవ పక్క దాన్ని రాసుకుంటూ పోయింది.

"చూశాన్లే" అన్నాడు. చూడలేదు.

చీకటి పడింది. మా ఊరి కుర్రాడు హమీద్ కొత్తగా ఇల్లు కట్టుకున్న మలుపులో అన్నయ్య ఇంజను ఆపి, లేచి నిలబడ్డాడు.

"ఇదిగో మిణుగురులు! మగవన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతున్నాయి చూడండి. ఆడవాటిని పిలవడమన్నమాట. నా ముప్ఫై ఏళ్లలో ఇంత జోరు ఎప్పుడూ చూళ్లేదమ్మా!"

టీచరమ్మ మెల్లగా అంది, "బాబాయిగారూ, అందులో ఒకటి నీలంగా ఉందండీ."

పండక్కి మేం ఇళ్లకు కట్టుకునే రంగుదీపాల తోరణం అది. హమీద్ దాన్ని ఒడ్డునున్న చెట్టుకు కూడా చుట్టాడు, ఆ మెరుపే అన్నయ్యకు మసగ్గా కనబడింది. అంతలో వాడే వసారాలోంచి కేకేశాడు: "జుమాత్ మావా, నా లైట్లు చూడ్డానికొచ్చావా? దిగు, కాఫీ తాగి పో!"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఎగతాళి చెయ్యడానికి నా దగ్గర ఏడాది సరుకుంది. ఆయన మొహం చూశాక అదంతా నదిలో పారేశాను. అన్నయ్య కూలబడ్డాడు.

"నాకు కనబడదమ్మా" అన్నాడు, అందరూ వినేలా. "ఏడాదైంది. మిమ్మల్ని ఎక్కించుకోకూడదు. తప్పు నాది. చెల్లీ, ఇటు రా. పిడి నువ్వు పట్టుకో."

ఏడుపొచ్చేసింది నాకు. ఏడుస్తూనే వెళ్లి పట్టుకున్నాను. నేనూ ఈ నీళ్లలోనే పెరిగాను. నడుపుతావా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే.

"మూడో మలుపు, కుడిపక్క, నాన్న వల కట్టిన చెట్టు" అని పక్కనుంచి చెప్పాడు. "టార్చి వెలిగించి ఆర్పు. ఆగు. మళ్లీ. తొందరపడకే, అవేమైనా నీ బజ్జీలా?"

నాలుగోసారికి ఒకటి బదులు పలికింది. తర్వాత పది. ఆ తర్వాత చెట్టు చెట్టంతా. పడవలో అందరూ ఒక్కసారే "అబ్బా!" అన్నారు. అన్నయ్య ఆ అరుపు వైపు మొహం తిప్పి కూర్చున్నాడు.

"ఎన్నున్నాయే?"

"లెక్కపెట్టలేనన్ని."

"రంగు?"

"అన్నీ ఒకటే రంగు, అన్నయ్యా."

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

పడవ ఎవరూ లాక్కోలేదు. అన్నయ్యే వెళ్లి సంగతి చెప్పుకున్నాక, ఆయన కళ్లు బాగయ్యేదాకా నన్ను నడపమంది పడవల సంఘం. ముందు ఒక కంటికి, నెల తిరిగాక రెండోదానికి ఆపరేషన్ చేశారు. డాక్టరు సరేనన్న రోజు సాయంత్రం రేవుకొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇంత ముసలిదానివయ్యావేంటే?"

"నువ్వు మాత్రం కుర్రాడివా? అద్దం చూసుకో."

"చూసుకున్నాను. నిన్ను చూస్తే కాస్త ధైర్యమొస్తుందని వచ్చాను."

ఇద్దరమే బయల్దేరాం. పండగ ఎప్పుడో అయిపోయినా హమీద్ తోరణం విప్పనే లేదు. "ఆ నీలందే బావుంది" అన్నాడు అన్నయ్య. మూడో మలుపులో ఇంజను ఆపి టార్చి ఆడించాను. చెట్టు వెలిగింది. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. చాలాసేపటికి నేను పిడి ఆయనకివ్వబోయాను.

"నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. "ఇన్నేళ్లూ అందరికీ చూపించడమే సరిపోయింది. నేనెప్పుడు చూశానే వీటిని?"